వెనక సీటు వాళ్లు ఆఖరున దిగాలి

వనపర్తి నుంచి మా గద్వాలకు వచ్చే బస్సులో సరోజ కండక్టర్‌గా ఉండేది. ఆమె ఇంటిపేరు ఇక్కడ ఎవరికీ తెలియదు. గొంతు మాత్రం అందరికీ తెలుసు. బస్సు ఎంత కిక్కిరిసినా "జరుగుండ్రి, జరుగుండ్రి! ఎనుక అంగడి పెట్టేంత జాగుంది" అని అరిచేది. జనం నవ్వుతూనే తిట్టుకునేవాళ్లు, తిట్టుకుంటూనే జరిగేవాళ్లు.

ఆమె పుట్టింది బల్మూరులో, మెట్ట సేద్యం చేసుకునే ఇంట్లో. ఉద్యోగం వచ్చిన రోజు తండ్రి మొహం మాడ్చుకున్నాడట. "గంతమంది మొగోళ్ల నడుమ నిలబడి టికెట్లు కొట్టుడేంది బిడ్డా?" అన్నాడట. తల్లి పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "పత్తి చేన్ల ఎండకు మాడేకంటే బస్సుల నీడకు నిలవడుడు నయం గాదా" అందట. అంతటితో ఆ మాట తెగిపోయింది. పెళ్లయ్యాక వనపర్తిలో ఇల్లు తీసుకున్నారు. భర్త రాఘవేందర్ కాలిపోయిన బోరు మోటార్లకు మళ్లీ తీగ చుట్టి బాగుచేస్తాడు.

బస్సు పెబ్బేరు, బీచుపల్లి, ఎర్రవల్లి మీదుగా వచ్చి, మా ఊరి మొగదల రైలు పట్టాలు దాటాలి. ఒకప్పుడు అక్కడ గేటు ఉండేది. గేటు పడితే అటు బండ్లు అటు, ఇటు బండ్లు ఇటు. బస్సులోని సగం మంది దిగి, గేటు కింద వంగి, మూటలు నెత్తిన పెట్టుకుని పట్టాల మీదుగా పోయేవాళ్లు. వాళ్లను ఆపడానికి సరోజ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచేది. ఎవరూ వినేవాళ్లు కాదు. రైలు వెళ్లిపోయేదాకా ఆమె కిటికీ దగ్గర నుంచి కదిలేది కాదు.

తర్వాత పట్టాల మీద బ్రిడ్జి కట్టారు. గేటు తీసేసి రెండు పక్కలా గోడ పెట్టారు. ఇక ఊళ్లోకి రావాలన్నా, ఊళ్లోంచి పోవాలన్నా బ్రిడ్జే దారి. మా ఊరికి అంతకు ముందు ఎత్తు అంటే కోట బురుజే. ఇప్పుడు సాయంత్రం గాలి కోసం అందరూ బ్రిడ్జి ఎక్కుతారు. షుగరున్న వాళ్లు పొద్దున్నే నడుస్తారు. కొత్త పెళ్లి జంటలు ఫోటోలు దిగుతారు. మనుషులు ఎక్కడుంటే బండ్లు అక్కడికే వస్తాయి గదా! మొక్కజొన్న కంకులు, చెరుకు రసం, పండ్లు అన్నీ రెయిలింగు పొడుగునా వెలిశాయి.

ఆ వరుసలో తౌఫీక్ ది సీతాఫలాల బండి. ఇరవై అయిదేళ్ల మనిషి, ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతుంటాడు. అతని బండి దగ్గర బస్సు నెమ్మదించక తప్పేది కాదు. సరోజ అరిచేది.

"తౌఫీక్, ఇది బ్రిడ్జా, మీ ఇంటి వాకిలా? జర లోపటికి జరుపు!"

"లోపటికి జరిగితే కింద పడత గదా అక్కా!" అనేవాడు.

డ్రైవరు బాలస్వామి పక్కనుంచి తప్పించి తీసుకెళ్లేవాడు. ఆయనది గద్వాలే. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. ఆయన తల మీద ఉన్న అద్దంలోనే సరోజతో సగం మాటలు నడిచేవి. ఆమె వెనక నుంచి చెయ్యి ఊపితే ఆయన అద్దంలో చూసి బండి ఆపేవాడు. ఆయన కనుబొమ్మ ఎగరేస్తే ముందు ఏదో అడ్డం ఉందని ఆమెకు తెలిసేది.

అది శనివారం. పొద్దున వాన పడి వెలిసింది. బీచుపల్లిలో ఆంజనేయస్వామిని చూసుకుని తిరిగొచ్చే వాళ్లతో బస్సు నిండిపోయింది. బస్టాండు బ్రిడ్జి దిగగానే వస్తుంది కాబట్టి బండి బ్రిడ్జి ఎక్కడంతోనే జనం లేచి, సంచులు తీసుకుని ముందు తలుపు దగ్గర గుంపు కట్టారు. సరోజ వెనక సీట్ల దగ్గర ఒకామెకు ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొడుతోంది.

అప్పుడు బాలస్వామి ఒక్క కేక వేశాడు. బస్సు ఎడమకు కోసుకుపోయింది. తడి రోడ్డు మీద టైర్లు జారిన చప్పుడు, ఇనుము చిట్లిన చప్పుడు, అద్దాలు పగిలిన చప్పుడు ఒకదాని మీద ఒకటి వినిపించాయి. సరోజ సీటు కడ్డీని పట్టుకుని వేలాడింది. తర్వాత అంతా ఆగిపోయింది.

ఆమె కళ్లు తెరిచేసరికి బస్సు ముందుకు వాలి ఉంది. ముందు అద్దం లేదు. అద్దం ఉండాల్సిన చోట రోడ్డు లేదు, రెయిలింగు లేదు. దూరాన సిగ్నల్ స్తంభం, దాని కింద పట్టాలు కనిపించాయి. ముందు చక్రాలు రెండూ బ్రిడ్జి దాటి గాలిలో ఉన్నాయి.

తలుపు మెట్టు మీద నిలబడ్డవాడు దిగబోయి కిందికి చూశాడు. కాలు పెట్టడానికి ఏమీ లేదు. "అమ్మో!" అని కడ్డీని కరుచుకున్నాడు. ఆ కేకతో అందరికీ సంగతి అర్థమైంది. ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. ముందున్నవాళ్లు వెనక్కి తోసుకున్నారు, ఎటు పోవాలో తెలియనివాళ్లు అక్కడే కొట్టుకున్నారు. ఆ తొక్కిడికి బస్సు కిర్రుమని ఇంకాస్త వంగింది. ఒక సిమెంటు పెళ్ల విరిగి కిందపడింది. అది పట్టాల మీద పడిన చప్పుడు ఒక క్షణం తర్వాత గాని వినిపించలేదు.

సరోజ మెడలోని విజిలు నోట్లో పెట్టుకుని గట్టిగా ఊదింది. ఎందుకు ఊదిందో తనకూ తెలియదని తర్వాత చెప్పింది. కాని ఆ చప్పుడుకు జనం నోళ్లు మూతపడ్డాయి. బస్సులో విజిలు వినపడితే ఆగడం అలవాటు గదా.

"ఉరకొద్దు! ఎవ్వరూ ఉరకొద్దు!" అంది. "ఒక్కొక్కరు మెల్లగ ఎనుకకు రాండ్రి. పిల్లల్ని సంకనేస్కోండ్రి. సంచులు ఆడనే వదిలెయ్యుండ్రి."

ముందు నుంచి బాలస్వామి గొంతు వచ్చింది. "చెల్లే, హ్యాండ్ బ్రేకు గుంజిన. అందర్ని ఎనుకకు పంపు. నా కాలు ఇరికింది, నేను రాలేను."

ఒకరి భుజం ఒకరు పట్టుకుని వాలులో పైకి ఎక్కినట్టు వెనక్కి వచ్చారు. వెనక కుడిపక్కన ఎమర్జెన్సీ డోరు ఉంది. దాని పక్క సీట్లో ఖుర్షీద్ బేగం కూర్చుంది. గద్వాల దవాఖానలో కళ్లు చూపించుకోవడానికి ఎర్రవల్లిలో ఎక్కిన పెద్దావిడ. భారీ మనిషి, సీటులో ఇద్దరి జాగా పట్టేది. ఆమె ముందు సీట్లో తెల్లచొక్కా వేసుకున్న శ్రవణ్ కుమార్ అనే మనిషి. ఆయనా, సరోజా కలిసి గొళ్లేన్ని లాగీ లాగీ తలుపు తెరిచారు.

తలుపు కింద గట్టి రోడ్డు కనిపించింది. అప్పుడే సరోజకు ఒకటి తట్టింది. తలుపు దగ్గరున్నవాళ్లు దిగితే వెనక బరువు తగ్గుతుంది. బరువు తగ్గితే ముందు భాగం కిందికి పోతుంది. పిల్లలు చెరో కొసన కూర్చుని పైకీ కిందికీ ఊగే బల్ల లాంటిదే. ఎవరు తలుపుకు దగ్గరగా ఉన్నారో వాళ్లే ఆఖరున దిగాలి.

ఆ మాటే చెప్పింది. "ముంగటికెళ్లి వచ్చినోళ్లు ముందు దిగాలె. ఎనుక సీట్లల్ల కూసున్నోళ్లు కూసునే ఉండుండ్రి. మీరు లేస్తే బస్సు పోతది."

శ్రవణ్ కుమార్ తలుపు చట్రం పట్టుకునే ఉన్నాడు. "నేనెందుకు ఆగాలె? డోరు నా పక్కనే ఉంది. నాకు ఇంట్ల పిల్లలున్నరు."

"అందరికీ ఉన్నరన్నా. జర ఆగు."

ఆయన ఆగలేదు, దూకాడు. వెనకాలే ఇంకొకడు దూకాడు. బస్సు వెనక భాగం మెత్తగా పైకి లేచింది. తడిసిన రోడ్డు మీద వెనక చక్రం గీరుకున్న చప్పుడు వచ్చింది. లోపల అరుపులు. నడిమిట్లో నిలబడ్డ తల్లి ఒకామె జారి మోకాళ్ల మీద పడింది. ఆమె చంకలో పసిపాప.

"అల్లా!" అంది ఖుర్షీద్ బేగం. లేవబోయిన మనిషి ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకుని మళ్లీ కూలబడింది. "బేటీ, నేను ఈడికెళ్లి జరగను. ఇంత ఒళ్లుందని ఊరంతా నవ్విండ్రు. ఇయ్యాల పనికొస్తది. నువ్వు వాళ్లను దించు."

ఆమె ముందు ఖాళీ అయిన సీట్లోకి ఇంకో ఆడమనిషి వచ్చి కూర్చుంది. వెనకాల పొడుగు సీట్లో ఉన్నవాళ్లు ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. ఏడుస్తున్నవాళ్లు ఏడుస్తూనే ఉన్నారు గాని ఎవరూ లేవలేదు.

బయట బ్రిడ్జి మీద జనం పరుగెత్తుకొచ్చారు. తౌఫీక్ అందరికంటే ముందు వచ్చాడు. బస్సు వెనక భాగం లేవడం చూసి, పైకప్పుకు ఎక్కే ఇనుప నిచ్చెన మీదికి ఉరికి వేలాడాడు. "రాండ్రి! ఎక్కుండ్రి! బరువు ఎయ్యుండ్రి!" అని అరిచాడు. చెరుకు రసం అతను, ఆటోవాళ్లు, ఫోటోలు దిగడానికి వచ్చిన పిల్లగాండ్లు వెనక బంపరు మీద ఎక్కి నిలబడ్డారు. చోటు చాలని వాళ్లు నిచ్చెన మీదున్న వాళ్ల నడుములు పట్టుకున్నారు. బస్సు వెనక టైర్లు మళ్లీ రోడ్డుకు ఆనాయి.

సరోజ దించడం మొదలుపెట్టింది. ముందుగా పసిపాప. తలుపు కింద నిలబడ్డ ఇద్దరు ఆటోవాళ్లు అందుకున్నారు. తర్వాత తల్లి, పిల్లలు, ముసలాయన. ఒకరు దిగగానే ఆమె చెయ్యి ఎత్తి ఆపేది. బస్సు కదలడం లేదని చూసుకుని ఇంకొకర్ని పంపేది.

సగం మంది దిగారో లేదో రైలు కూత వినిపించింది. రాయచూరు వైపు నుంచి.

పట్టాలు సరిగ్గా బస్సు ముక్కు కింద ఉన్నాయి. రైలు వస్తే ఆ అదురుకు ఏమవుతుందో, బస్సు దాని మీద పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. బయట ఎవరో అరుస్తున్నారు: "స్టేషనుకు ఫోన్ చేసిండ్రా? చేసిండ్రా?" ఇంకెవరో చేశామంటున్నారు. కూత మళ్లీ వినిపించింది, ఈసారి దగ్గరగా. సరోజ చేతి కింద ఉన్న ఆడపిల్ల వణికిపోతూ, "అక్కా, దిగాల్నా, ఆగాల్నా?" అంది.

"దిగు," అంది సరోజ. సీటుకు తొడ ఆనించి నిలబడి ఆ పిల్లను కిందికి అందించింది.

రైలు చప్పుడు పెరిగి పెరిగి, సన్నగా గీరుకుంటూ ఆగింది. బ్రిడ్జి అంచున నిలబడ్డ వాళ్లు "ఆగింది! సిగ్నల్ కాడ ఆగింది!" అని కేకలు పెట్టారు. లోపల ఎవరో వాంతి చేసుకున్నారు.

ఆఖరికి బస్సులో మిగిలింది వెనక సీటు వాళ్లు నలుగురైదుగురు, ఖుర్షీద్ బేగం, సరోజ, ముందు బాలస్వామి. ఆయన దగ్గరికి పోయి కాలు లాగుదామంటే వీలు లేదు. ఒక్క మనిషి ముందుకు నడిచినా బస్సు నడుము కింద సిమెంటు పగిలి రాలుతోంది. బ్రిడ్జి దిగువన కాలువ పని చేస్తున్న జేసీబీని తీసుకురావడానికి మనుషులు పోయారు. అది వచ్చేదాకా ఆగాలి.

"చెల్లే, మీరంత దిగుండ్రి," అన్నాడు బాలస్వామి. "నాకోసం కూసోకుండ్రి."

"మేం దిగితే నువ్వు పోతవు అన్నా."

"తెలుసు. అందుకే చెప్తున్న."

ఆయన తల కిందికి వంగుతోంది. ముందున్నదంతా ఖాళీయే కాబట్టి కళ్లు తిప్పినా ఆయనకు పట్టాలే కనపడతాయి. ఆయన మెడ వెనక చెమట ధారగా కారడం ఆమెకు కనిపించింది.

"అన్నా, కిందికి చూడకు. అద్దం ఉన్నదా?"

"పగుల్లు వారింది. ఉన్నది."

"అద్దంల నన్ను చూడు."

ఆయన కళ్లు అద్దంలోకి వచ్చాయి. సరోజ మాటలు మొదలుపెట్టింది. పెబ్బేరులో ఎక్కిన పెండ్లి వాళ్లు ఎంత గొడవ చేశారో చెప్పింది. రాఘవేందర్ పొద్దున ఉప్పు లేని ఉప్మా చేసి పెట్టాడని చెప్పింది. నోటికి ఏదొస్తే అది చెప్పింది. ఆయన "ఊ" అంటూనే ఉన్నాడు. ఒకసారి ఊ అనకపోతే ఆమె విజిలు ఊదింది. ఆయన ఉలిక్కిపడి కళ్లు తెరిచాడు. వెనకనుంచి ఖుర్షీద్ బేగం కూడా అందుకుంది. "ఏం డ్రైవర్ సాబ్, మమ్మల్ని దవాఖానకు తీస్కపోతనని ఈడ నిలవెట్టినవ్?" అంది. ఆ పరిస్థితిలోనూ ఆయన పెదవి కొంచెం కదిలింది.

జేసీబీ వచ్చింది. బస్సు వెనక కొక్కేలకు గొలుసులు బిగించారు. గొలుసు బిగుసుకుని గణగణమన్నప్పుడు లోపలున్నవాళ్లు కళ్లు మూసుకున్నారు. అది మెల్లగా వెనక్కి లాగింది. ఇనుము సిమెంటు మీద రాసుకుని నిప్పురవ్వలు లేచాయి. మొదట ముందు చక్రం ఒకటి రోడ్డెక్కింది. తర్వాత రెండోది. అప్పుడు గాని ఖుర్షీద్ బేగం కడ్డీని వదలలేదు. ఆమె అరచేతుల్లో కడ్డీ అచ్చు ఎర్రగా పడింది.

గడ్డపారలతో డ్యాష్ బోర్డు వంచి బాలస్వామిని బయటికి తీశారు. మోకాలి కింద ఎముక విరిగింది. స్ట్రెచరు మీద పడుకోబెట్టారు.

అంతా అయిందనుకుంటే అక్కడ ఇంకొకటి మొదలైంది. గుంపులోంచి ఒకడు, "ఈ బండ్లు రోడ్డు మీద పెట్టబట్టే ఇదంత అయింది" అన్నాడు. ఇంకొకడు తౌఫీక్ బండిని చూపించాడు. ఆ బండి బస్సు రెయిలింగును తాకిన చోటికి కొన్ని అడుగుల దూరంలోనే ఉంది. జనం ఉరుకులాటకు సీతాఫలాలు రోడ్డంతా చిట్లి పడి ఉన్నాయి. ఎవరో తౌఫీక్ కాలరు పట్టుకున్నారు. నిచ్చెన మీద అంతసేపు వేలాడినందుకు అతని చేతుల్లో విడిపించుకునే శక్తి లేదు. మాటలు పెద్దవయ్యాయి. వాడి పేరు అడిగేవాళ్లు అడుగుతున్నారు, పేరు విని ఇంకా గట్టిగా అరిచేవాళ్లు అరుస్తున్నారు.

సరోజ ఆ గుంపులోకి దూరింది.

"కండక్టరమ్మ చెప్తది! చెప్పమ్మా, వీని బండి వల్లే గదా?"

ఆమెకు ఆ బండంటే ఎప్పుడూ చిరాకే. ఎన్నిసార్లు అరిచిందో ఊరందరికీ తెలుసు. కాని ఆ సమయంలో ఆమె వెనక టికెట్ కొడుతోంది.

"నేను సూడలె," అంది. "సూడనిది ఎట్ల చెప్త? సూసినోడు బాలస్వామన్న ఒక్కడే. ఆయన్ని అడుగుండ్రి. అడిగేదాంక ఈ పిల్లగాని మీద చెయ్యేస్తే నన్ను కొట్టినట్టే. మీరు ఫోన్లు పట్టుకుని నిలవడ్డప్పుడు బస్సుకు వేలాడినోడు వీడు."

కాలరు పట్టుకున్న చెయ్యి వదల్లేదు గాని లేచిన చెయ్యి దిగింది. జనం స్ట్రెచరు వైపు తిరిగారు. బాలస్వామి నొప్పికి పళ్లు కరుచుకుని ఉన్నాడు. వాళ్లు రెండుసార్లు అడగాల్సి వచ్చింది.

"బైకు," అన్నాడు. "రాంగ్ రూట్ల వచ్చింది. ముగ్గురున్నరు. నేను ఎడమకు తిప్పిన. పండ్ల బండికి తగలొద్దని మళ్ల తిప్పబోయిన. జారింది."

బైకు ఎప్పుడో వెళ్లిపోయింది. గుంపు మెల్లగా సడలింది. తౌఫీక్ రోడ్డు పక్కన కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. ఖుర్షీద్ బేగం వచ్చి అతని వీపు నిమిరింది.

అంత జరిగినా ఒక్క ప్రాణం పోలేదు. కొందరికి గాయాలు, కుట్లు. కొన్నాళ్లకు రెయిలింగు మళ్లీ కట్టారు, ముందుకంటే ఎత్తుగా. బండ్లన్నీ బ్రిడ్జి కిందికి మార్చారు. తౌఫీక్ స్తంభాల మధ్య అమ్ముకుంటున్నాడు. బేరం మునుపటంత లేదని అంటాడు. బండి అక్కడ ఉండటం తప్పేనని కూడా అంటాడు. ఆ రెండు మాటలూ ఒకే ఊపిరిలో అంటాడు.

సరోజను ఊరంతా మెచ్చుకుంది. డిపోలో శాలువా కప్పారు. ఆమె మాత్రం ఆ బ్రిడ్జి మీది డ్యూటీ చెయ్యలేకపోయింది. మొదటి రోజు బస్సు ఎక్కింది. ఎర్రవల్లి దాటగానే చేతిలోంచి టికెట్ మిషను జారిపోయింది. డిపోకు ఫోన్ చేసి చెప్పి, దారిలోనే దిగిపోయి ఇంకో బస్సులో ఇంటికి పోయింది. నాగర్ కర్నూల్ రూటు అడిగి తీసుకుంది. "సిగ్గేముంది, భయమైతుంది గదా" అని అందరికీ నేరుగానే చెప్పింది. రాఘవేందర్ కొన్నాళ్లు ఆమె నిద్రలో ఉలిక్కిపడితే లేచి లైటు వేసి కూర్చునేవాడు.

బాలస్వామి కాలికి ఆపరేషను చేయించుకుని హైదరాబాదు నుంచి ఇంటికొచ్చాడని తెలిసింది. ఆయన ఇల్లు పట్టాలకు ఇవతల, మా వీధిలో. చూడకుండా ఎలా ఉంటుంది? ఒక ఆదివారం పొద్దున సరోజ ఎర్రవల్లిలో దిగి ఖుర్షీద్ బేగం ఇంటికి పోయింది. ఇద్దరూ కలిసి ఆటోలో బయల్దేరారు. బ్రిడ్జి మొదట్లోకి రాగానే సరోజ ఆటో ఆపించింది.

"బండి మీద పోలేనమ్మా. నడిచి పోత."

"అయితే నేనూ నడుస్త," అంది ఖుర్షీద్ బేగం.

పొద్దున నడిచేవాళ్లు పక్కనుంచి దాటిపోతున్నారు. ఒక బస్సు వచ్చింది, బ్రిడ్జి సన్నగా అదిరింది. సరోజ ఆగిపోయి రెయిలింగు పట్టుకుంది, వెంటనే వదిలేసి ఖుర్షీద్ బేగం చెయ్యి పట్టుకుంది. ఎత్తు మీదికి వచ్చేసరికి పెద్దావిడకు ఆయాసం. ఇద్దరూ నిలబడ్డారు. కింద నుంచి ఒక గూడ్సు రైలు పోయింది, పెట్టె తర్వాత పెట్టె. అది పూర్తిగా వెళ్లేదాకా ఇద్దరూ కదల్లేదు.

"ఇంకెంత దూరం బేటీ?"

"ఇగ దిగుడే అమ్మా," అంది సరోజ.

నేను అప్పుడు కూరగాయలకని ఖాళీ సంచితో ఎదురుగా వస్తున్నాను. ఆమె మొహమంతా చెమట, పెదవులు తెల్లగా పాలిపోయాయి. ఒకప్పుడు ఆమె బస్సులోనే తిరిగిన నన్ను గుర్తుపట్టి, బాలస్వామి ఇల్లు ఎటు అని అడిగింది. నేను వెనక్కి తిరిగి, దారి చూపిస్తూ వాళ్లతో నడిచాను.